మంచుకొండల దారిలో మూటాముల్లె

చలి అనే మాటకు మన తెలుగునాట ఉన్న అర్థం చాల స్వల్పమైనది. ధనుర్మాసపు తెల్లవారుజామున వీధి మొగలో చితుకులమంట, దానిచుట్టూ చేరిన నలుగురు, తలకు చుట్టిన మఫ్లరు, చేతిలో వేడి చాయ. ఆదిలాబాదులోనో లంబసింగిలోనో పాదరసం బాగా దిగినదని పత్రికలలో చదివి ఆశ్చర్యపడడమే తప్ప, చలివలన నిలువునా ప్రాణం పోవచ్చుననే భయం మనలో చాలమందికి అనుభవంలో లేదు. మనకు ఎండ తెలుసును. వడదెబ్బ తగిలిన మనిషిని నీడకు చేర్చి ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగించవలెనని పల్లెలోని పసివానికి కూడ తెలుసును. చలిదెబ్బ తగిలిన మనిషిని గుర్తించడం ఎట్లో పట్టభద్రులమైన మాకు తెలియదని, హిమాచల ప్రదేశంలోని ఒక కొండవాగు ఒడ్డున మాకు తెలిసివచ్చినది.

కొన్ని సంవత్సరాల క్రిందట మన కళాశాల విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని మేము హంప్తా కనుమకు పాదయాత్ర వెళ్ళాము. అప్పటినుండి వేసవి సెలవులు దగ్గర పడగానే కొండలకు పోదలచిన విద్యార్థులు మా గదికి వచ్చి, "సార్, ఏమేమి తీసుకొని పోవలెనో ఒక లిస్టు వ్రాసి ఇవ్వండి" అని అడుగుతున్నారు. జాబితా ఇవ్వడం సులభమే. కాని జాబితాలోని వస్తువు బజారులో దొరకనప్పుడు దానికి బదులు ఏది పనికివచ్చునో జాబితా చెప్పదు. కారణం తెలిసినవాడు తన జాబితాను తానే వ్రాసుకోగలడు. అందువలన ఈ వ్యాసంలో కారణాలనే ముందుగా విన్నవించుకొంటున్నాము.

ముందుగా ఆ చోటు ఎటువంటిదో చూతము. మనాలి పట్టణం సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. హంప్తా కనుమ ఎత్తు సుమారు 4,270 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అనగా మనాలి బజారులో పొట్టిచేతుల చొక్కాతో తిరుగుతున్న వేళకే కనుమమీద పద్నాలుగు డిగ్రీలు తక్కువగా ఉంటుందన్నమాట. ఈ లెక్క గాలిలేని, వానలేని వేళకు మాత్రమే వర్తిస్తుంది. అటువంటి వేళ అక్కడ అరుదు.

ఈ కనుమకు ఇంకొక విశేషం కలదు. ఇటువైపు కులూ లోయ. దేవదారు వృక్షాలు, పచ్చిక బయళ్ళు, ఋతుపవనాల వాన. అటువైపు లాహౌల్. వానమబ్బులను కొండలు ఇవతలే ఆపివేయడంచేత అక్కడ చెట్టుచేమ కనబడని బోడికొండలు, ఎండుగాలి, రాళ్ళగుట్టలు. ఒక్క పగటి నడకలో వాననుండి మంచుకు, మంచునుండి ఎడారివంటి నేలకు దిగుతాము. జూన్ మాసంలో కూడ కనుమమీద మంచు మోకాటిలోతు ఉండవచ్చును. జూలై, ఆగస్టులలో వాన. సెప్టెంబరులో ఆకాశం తేటపడుతుందని చెప్పుకొంటారు. కాని 2018 సెప్టెంబరు చివరి వారంలో లాహౌల్ ప్రాంతమంతట అకాల హిమపాతం కలిగి వందలమంది యాత్రికులు చిక్కుబడిపోయారు. హంప్తా దారిన వెళ్ళిన రూర్కీ విద్యార్థులు కూడ వారిలో ఉన్నారు. వారు క్షేమంగా బయటపడడం సంతోషించదగిన విషయము. కొండమీది వాతావరణానికి పంచాంగం లేదని మాత్రం అందరూ గ్రహించవలెను.

ఇక అసలు విషయం. కొండలలో మనిషిని చంపేది మంచు అని మనం తలపోస్తాము. నిజానికి అక్కడి శత్రువులు రెండు: తడి, గాలి. నీరు గాలికంటె ఇంచుమించు ఇరవై అయిదు రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగివేస్తుంది. సున్నా డిగ్రీల చలిలో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో గాలి వీచినచో, చర్మానికి అది సున్నాకు ఏడు డిగ్రీలు దిగువన ఉన్నట్లు తోస్తుంది. పొడిబట్టలలో ఉన్నవాడు మంచుమీద నిలబడి నవ్వుతూ మాట్లాడగలడు. తడిసిన బట్టలతో గాలిలో నిలిచినవాడు, ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్నప్పుడే కూలిపోవచ్చును. శరీరం లోపలి వేడి సాధారణంగా 37 డిగ్రీలు. అది 35 డిగ్రీల దిగువకు జారిన స్థితిని వైద్యులు హైపోథెర్మియా అంటారు.

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండంలోని సహస్రతాల్ దారిలో మంచుతుపానుకు చిక్కి, కర్ణాటకనుండి వెళ్ళిన బృందంలో తొమ్మిదిమంది మరణించారు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అట్టి తుపానులో ఎవరి సామగ్రి ఎంతవరకు నిలుచునో దూరాన కూర్చున్నవారు చెప్పజాలరు. మండువేసవిలో, మన ఊళ్ళలో రోళ్ళు పగిలే ఎండలు కాసే వేళలో, మనవంటి దక్షిణాదివారే చలికి బలియైనారన్న సంగతిని మాత్రం కొండకు పోయే ప్రతి విద్యార్థి మనసులో ఉంచుకోవలెను.

ఇప్పుడు మా సంగతి. నడక రెండవ రోజున బాలూ కా ఘేరా అనే విడిదికి పోతున్నాము. మధ్యాహ్నం వరకు ఆకాశం అద్దమువలె ఉన్నది. అందరూ చొక్కాలతో నడుస్తూ చెమటలు కార్చినారు. మూడు గంటలకు లోయ దిగువనుండి మబ్బు లేచినది. పావుగంటలో వాన, అటుపిమ్మట మంచుముక్కలు కలిసిన వాన. మా విద్యార్థులలో ఒకడు, కబడ్డీ ఆటలో పేరుపొందినవాడు, జీన్సు ప్యాంటు, నూలు బనియను, పైన మందమైన స్వెట్టరు వేసుకొని ఉన్నాడు. వానకోటు ఏదని అడిగితే అది కంచరగాడిదమీద పోయిన సంచిలో ఉన్నదన్నాడు. కంచరగాడిదలు మాకంటె గంట ముందుగా విడిదికి చేరిపోయినవి.

అరగంట గడిచిన పిమ్మట అతడు వెనుకబడనారంభించాడు. పిలిస్తే ముద్దముద్దగా సమాధానం చెప్పినాడు. స్వెట్టరు గుండీ పెట్టుకోబోయి పెట్టుకోలేకపోయాడు. ఆటగాడవై ఉండి ఇంత నెమ్మదా అని మేము మందలించాము. సిగ్గుపడి చెప్పుకోవలసిన మాట ఇది. మాకు దారి చూపుతున్న స్థానికుడు వెనుదిరిగి వచ్చి అతని ముఖం చూచి, "మాస్టర్‌జీ, ఇతడు అలసిపోలేదు, గడ్డకడుతున్నాడు" అన్నాడు. ఒక బండచాటున అతని తడిబట్టలన్నియు విప్పించి, తన సంచిలోని పొడి ఉన్నికోటు తొడిగి, తలకు టోపీ పెట్టి, ఇద్దరి మధ్యన కూర్చుండబెట్టి, ఫ్లాస్కులోని తియ్యని చాయను కొద్దికొద్దిగా త్రాగించినాడు. చేతులు కాళ్ళు రుద్దబోయిన మమ్ములను వారించినాడు. మరొకరు కొంచెం బ్రాందీ పోస్తే బాగుండునన్నారు. అది చర్మానికి రక్తాన్ని తెచ్చి వేడి పుట్టినట్లు భ్రమ కలిగించి, లోపలి వేడిని ఇంకను పోగొడుతుందని అతడు చెప్పినాడు. రాత్రికి కుర్రవాడు కోలుకున్నాడు. మేము మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. "మందమైన స్వెట్టరు ఒకటి, నూలు బనియన్లు నాలుగు, గట్టి జీన్సు ప్యాంట్లు రెండు" అని విద్యార్థులకు జాబితా వ్రాసి ఇచ్చినది మేమే.

నూలుబట్ట మనకు ప్రాణసమానమైనది. పోచంపల్లి, మంగళగిరి నేత మన దేశవాళీ ఎండలకు తగినట్టిది. చెమటను పీల్చుకొని, గాలికి ఆరుతూ ఒంటిని చల్లబరచడమే దాని గుణము. ఇక్కడ ఏ గుణం వరమో, కొండమీద ఆ గుణమే శాపము. తడిసిన నూలు ఒంటికి అంటుకొంటుంది, త్వరగా ఆరదు, దానిలో గాలి నిలువదు. జీన్సు సంగతి చెప్పనే అక్కరలేదు. తడిస్తే అది బరువెక్కి మోకాళ్ళను బిగించివేస్తుంది. కొండమీదికి జీన్సు ప్యాంటు తీసుకొని పోరాదని మేము నిక్కచ్చిగా చెప్పుదుము. ఏ పాత టెరికాట్ ప్యాంటయినను దానికంటె మేలు.

మరి ఏమి ధరించవలెను? ఒకే మందమైన బట్టకు బదులు మూడు పొరలు. ఒంటికి తగిలే పొర పని చెమటను చర్మంనుండి తొలగించడము. పాలియెస్టరు ఆటల బనియను ఇందుకు చాలును. సన్నని ఉన్నిది దొరికితే ఇంకను మంచిది. నడుమ పొర పని గాలిని పట్టి ఉంచడము. వేడినిచ్చేది బట్ట కాదు, బట్టలో చిక్కుకొని కదలక నిలిచిన గాలి. ఇందుకు ఉన్ని స్వెట్టరు గాని, ఫ్లీసు అనే తేలికపాటి పాలియెస్టరు కోటు గాని పనికివచ్చును. పై పొర పని వానను, గాలిని ఆపడము. 1969లో అమెరికాలో బాబ్ గోర్ కనిపెట్టిన ఒక విధమైన పొరకు సూక్ష్మరంధ్రాలుంటాయి. వానచినుకు వాటిలో దూరలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోగలదు. అటువంటి కోటు ఖరీదు మన విద్యార్థులకు అందేది కాదు. అతుకులమీద పట్టీ అంటించిన సాధారణపు నైలాను వానకోటు, దానికి జతగా వానప్యాంటు ఉంటే సరిపోతుంది. ఆవిరి పోవడానికి నడుమనడుమ గుండీలు విప్పుకొంటే చాలును. పోంచో అనే ముసుగుగుడ్డ వీపుసంచిని కూడ కప్పుతుంది గనుక చెట్లనీడన బాగుంటుంది. కనుమమీది గాలిలో అది తెరచాపయై మనిషిని లాగివేస్తుంది.

ఈ పొరల పద్ధతి కొత్తదని పాఠకులు భావించవద్దు. 1924లో ఎవరెస్టుపైన కనుమరుగైన జార్జి మాలరీ శరీరం 1999లో దొరికినది. అతడు వేసుకొన్నవి పట్టు, ఉన్ని మొదలైన పలుచని పొరలు, పైన గాలిని ఆపే గాబర్డీను కోటు. అటువంటి బట్టలనే తిరిగి నేయించి, కుట్టించి చూచినవారు అవి మనం అనుకొన్నదానికంటె ఎంతో సమర్థమైనవని తేల్చినారు. హంప్తా దారిలో వేసవికి మందలను లాహౌల్ వైపు తోలుకొనిపోయే గద్దీ గొర్రెలకాపరులు అంతకు ఎంతో పూర్వమే ఈ రహస్యం ఎరిగినవారు. వారు ధరించే చోలా అనే వదులైన ఉన్నికోటును నల్లని ఉన్నిత్రాడుతో మొలచుట్టూ అనేక చుట్లు చుట్టి బిగిస్తారు. పైన వదులుగా మిగిలిన భాగంలో గాలి నిలుస్తుంది, అవసరమైనప్పుడు అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కూడ నిలుస్తుంది. ఆ దృశ్యం చూచినప్పుడు మాకు తెలంగాణలోని గొల్ల కురుమల గొంగడి జ్ఞప్తికి వచ్చినది. దక్కనీ గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిని తలమీదుగా ముసుగు వేసుకొని వానలో మంద కాచే మన కాపరి కూడ ఆ శాస్త్రమే పాటిస్తున్నాడు. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను లోపల దాచుకొని కూడ పైకి తడి తోపనీయదు. మన పెరటిలోని పాఠాన్ని చదువక మేము పట్టణపు దుకాణంలో జీన్సు కొనిపించాము!

పొరలు ఉంటే చాలదు, వాటిని విప్పడం కూడ నేర్వవలెను. నడక మొదలుపెట్టునప్పుడు కొంచెం చలిగా ఉండవలెను. పది నిమిషాలలో ఒళ్ళు వేడెక్కుతుంది. అన్నియు వేసుకొని ఎక్కినవాడు లోపల చెమటతో తడిసిపోతాడు. వాన పైనుండి తడిపితేనేమి, చెమట లోపలనుండి తడిపితేనేమి? ఆగినప్పుడు వెంటనే ఒక పొర వేసుకోవలెను; కదలినప్పుడు తీసివేయవలెను. మాటిమాటికి సంచి విప్పడానికి బద్ధకించినవాడే మొదట జబ్బుపడతాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది పొడిబట్టల జత. లోబనియను, పైజామావంటి లోదుస్తు, ఉన్ని మేజోళ్ళు, టోపీ: ఈ నాలుగింటిని మందపాటి పాలిథీను సంచిలో పెట్టి, గాలి పిండివేసి, మూతి మడిచి రబ్బరుతో బిగించి వీపుసంచి అడుగున ఉంచవలెను. వీటిని గుడారంలో పడుకొనే వేళ తప్ప ధరించరాదు. మరునాటి ఉదయం తడి చొక్కా తొడుగుకోవడం ఎంత కష్టమో మేము ఎరుగుదుము. అయినను తడిదే తొడుక్కొని నడవవలెను. నడక దానిని ఆరబెడుతుంది. పొడిజతను తొడుగుకొని బయలుదేరి, అది కూడ వానలో తడిసినచో రాత్రికి ఆధారమేమి? వీపుసంచికి పైన కప్పే తొడుగును నమ్మరాదు. గాలికి అది ఎగిరిపోతుంది, వీపువైపునుండి నీరు దిగుతుంది. సంచి లోపల ఒక పెద్ద పాలిథీను సంచి పరచి సామానంతయు అందులోనే సర్దుకోవలెను.

కంచరగాడిదలు బరువు మోస్తున్నవి గదా అని భుజాన చిన్నసంచి ఒకటి తగిలించుకొని, అందులో కెమెరా, బిస్కెట్లు మాత్రం వేసుకొని నడిచే అలవాటు ఒకటి ఉన్నది. మా కబడ్డీ ఆటగాడు చేసినది ఇదే. వానకోటు, వానప్యాంటు, ఒక వెచ్చని పొర, టోపీ, గ్లౌజులు, టార్చిలైటు, నీరు, తినుబండారాలు, ఈల—ఇవి ఎల్లప్పుడు మన వీపుననే ఉండవలెను. ఈల ఎందుకని నవ్వినవారున్నారు. మబ్బు కమ్మినప్పుడు పదిగజాల దూరంలోని మనిషి కనబడడు. అరచి అరచి గొంతు పోతుంది, ఈల పోదు.

పాదాల విషయము. కొత్త బూట్లు కొని నేరుగా మనాలికి పోవడం కంటె అవివేకం లేదు. నెలరోజులు ముందుగా కొని, కళాశాలకు కూడ వాటితోనే వచ్చి మెత్తపరచుకోవలెను. షియా గోరూ విడిది దాటగానే ఒక వాగు అడ్డు వస్తుంది. మంచుకరిగిన నీరు, మోకాలివరకు దిగితే ఎముకలు కొరికినట్లుంటుంది. పగటిఎండకు పైని మంచు కరగి మధ్యాహ్నానికి ఈ వాగులు పొంగుతాయి, తెల్లవారుజామున తగ్గి ఉంటాయి. కనుక ఉదయమే దాటవలెను. బూట్లతో దాటినవాడు ఛత్రూ చేరేవరకు తడికాళ్ళతో ఏడుస్తాడు. వట్టికాళ్ళతో దాటినవానికి రాళ్ళు కోసుకొంటాయి. మడమకు పట్టీ ఉన్న సాండల్సు ఒక జత ఉంచుకొని, బూట్లు మెడకు వ్రేలాడదీసుకొని దాటి, ఒడ్డున కాళ్ళు బాగుగా తుడుచుకొని పొడి మేజోళ్ళు తొడగవలెను.

ఎండను కూడ మరువరాదు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత పదిశాతం చొప్పున పెరుగుతుంది. కొత్తమంచు ఆ కిరణాలలో చాలభాగాన్ని తిరిగి ముఖంమీదికి కొడుతుంది. మన నల్లని ఒంటికి ఎండ ఏమి చేయునని అనుకొన్న మాకు ముక్కు తోలు ఊడివచ్చినది. ప్రక్కలు కూడ మూసే నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. లేనిచో కళ్ళు మండి, ఒకటి రెండు దినాలు తెరవలేని స్థితి వస్తుంది.

రాత్రి సంగతి తలచుకొంటే మాతో వచ్చిన ఉర్దూ శాఖ మిత్రుడు గుర్తుకు వస్తాడు. మేమెంత చెప్పినను వినక ఆయన ఇంటినుండి దూదిరజాయి ఒకటి తెచ్చుకొన్నాడు. "లెక్చరర్ సాబ్, తాతలనాటి రజాయి, దీనిముందు మీ సంచులేమి పనికివస్తాయి?" అన్నాడు. మొదటిరాత్రి గుడారపు గోడకు ఆనుకొని తడిసిన ఆ రజాయి తిరిగి మనాలి చేరేవరకు ఆరలేదు. దాని బరువు చూచి కంచరగాడిద యజమాని అదనపు కూలి అడిగినాడు. నిద్రసంచులు మనాలిలో అద్దెకు దొరుకుతాయి. సంచి ఎంత మంచిదైనను క్రింద చాప లేకపోతే వృథా. ఒత్తిడికి అణిగిన దూదిలో గాలి ఉండదు గనుక నేల వేడిని లాగివేస్తుంది. ముడుచుకొనే నురుగుచాప ఒకటి అవశ్యము. పడుకొనేముందు కొంచెం బెల్లం, పల్లీలు, రెండు ఖర్జూరాలు తినవలెను. కడుపులో కట్టె లేనిదే పొయ్యి మండదు గదా.

ఒక హెచ్చరిక. పైని చెప్పిన బట్టలేవియు ఎత్తువలన కలిగే జబ్బును ఆపజాలవు. తలనొప్పి, వాంతులు, తడబాటు కలిగినచో అది చలి కాదు, గాలిలో ప్రాణవాయువు పలుచబడుట. దానికి మందు క్రిందికి దిగడమే. చలిదెబ్బకు కూడ గుర్తులు గట్టిగా జ్ఞాపకముంచుకోవలెను: వణకు, మాట ముద్దగావడం, వ్రేళ్ళు పట్టుతప్పడం, అడుగు తడబడడము. వణకుతున్నవాడు ఇంకను పోరాడుతున్నాడు. వేడి పుట్టకుండగనే వణకు ఆగిపోతే అది ప్రమాదపు గుర్తు. అట్టివానిని నడిపించక, కుదుపక, వెచ్చగా కప్పి సహాయం రప్పించవలెను.

బరువు తన శరీరపు బరువులో అయిదవవంతుకు మించకుండ చూచుకోవలెను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బిడ్డ పూర్ణ, ఖమ్మం ప్రాంతపు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినారు. వారి శిక్షణ మొదలైనది మన భువనగిరి గుట్టమీదనే. అందువలన ఈ సంవత్సరం పోదలచినవారు ఏప్రిల్ మాసంలో రెండు ఆదివారాలు తమ సంచిని పూర్తిగా సర్దుకొని, ఆ బూట్లతోనే భువనగిరి గుట్ట ఎక్కిదిగవలెను. ఎండకు భయపడి ఉదయం అయిదింటికే బయలుదేరితే మేమును వస్తాము. అంతకు ముందు ఎవరి వానకోటును వారు తొడుగుకొని, స్నానాలగదిలో కుళాయిక్రింద పది నిమిషాలు నిలబడి, లోని చొక్కా భుజాలవద్ద, మెడవద్ద, జేబులవద్ద తడిసినదేమో చూచుకొని రావలెను. తడిసిన కోటును దుకాణదారునికి తిరిగి ఇవ్వడానికి హైదరాబాదులో అయితే వీలున్నది.